ఎన్ని కొనాలో ముందు తేల్చుకోండి

సెలవులు దగ్గరపడగానే పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ బడ్జెట్ మాట వస్తుంది. ఈసారి కానుకలకు ఇంతకు మించి పెట్టొద్దని గట్టిగా అనుకుంటాం, చాలామందిమి ఆ మాట మీద నిలబడతాం కూడా. అయినా సెలవులు అయ్యేసరికి హాలు నిండా అట్టపెట్టెలు, మంచం కింద విరిగిన బొమ్మలు, "ఇంకేం లేవా?" అని అడిగే పిల్లలు. బడ్జెట్ దాటలేదు గానీ అతి జరిగిపోయింది.

బడ్జెట్ డబ్బుకు హద్దు పెడుతుంది, వస్తువులకు పెట్టదు. ఒక బొమ్మ సగం ధరకు దొరికిందంటే మిగిలిన సగంతో ఇంకోటి కొంటాం. మూడింటికి అనుకున్న డబ్బుతో ఆరు ఇంటికొస్తాయి. ఆదా చేశామన్న తృప్తి మనది, దేనితో ఆడాలో తెలియని తికమక పిల్లలది. అందుకే ఒక్కొక్కరికి ఎన్ని కానుకలో ముందు తేల్చుకుని, డబ్బు లెక్క ఆ తర్వాత వేసుకోవాలని మా గట్టి అభిప్రాయం. సంఖ్య కదలకపోతే డిస్కౌంట్‌లో తగ్గిన డబ్బు నిజంగానే చేతిలో మిగులుతుంది.

మేం చెప్పే సంఖ్య ఇది. అమ్మానాన్నల నుంచి ఒక్కొక్కరికి మూడు, ఇంట్లో పిల్లలందరికీ ఉమ్మడిగా ఒకటి, బంధువుల నుంచి వచ్చేవన్నీ కలిపి రెండు. రెండేళ్లు నిండని పిల్లలకైతే మొత్తం ఒకటో రెండో చాలు, వాళ్లకు ఆ రోజు ప్రత్యేకమైనదన్న సంగతే తెలియదు. మూడే ఎందుకంటే, రెండు వారాల సెలవుల్లో ఒక్కో కొత్త వస్తువుకు నాలుగైదు రోజులు దక్కాలి. అంతకంటే తక్కువ దొరికితే పిల్లలు దాన్ని విప్పి చూస్తారు తప్ప ఆడరు. అమెరికాలోని టొలీడో విశ్వవిద్యాలయం పరిశోధకులు 2018లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. పద్దెనిమిది నుంచి ముప్ఫై నెలల వయసున్న 36 మంది పిల్లలను ఒకసారి 4 బొమ్మలతో, ఇంకోసారి 16 బొమ్మలతో ఆడుకోనిచ్చారు. నాలుగే ఉన్నప్పుడు పిల్లలు ఒక్కోదానితో ఎక్కువసేపు గడిపారు, దాన్ని ఎక్కువ రకాలుగా వాడారు. అది మరీ చిన్నపిల్లల మీద చేసిన చిన్న అధ్యయనం. పదేళ్లవాళ్లకు దాన్ని యథాతథంగా వర్తింపజేయకూడదు. కానీ అందులో చూసినదాన్ని ఎవరైనా తమ ఇంట్లో ఒక ఆదివారం పూట పరీక్షించుకోవచ్చు.

కొనే ముందు ఇంట్లో ఉన్నవాటిని బయటికి తీయండి. సెలవులకు నెల ముందు, పిల్లలు నిద్రపోయాక, బొమ్మలన్నీ నేలమీద పోసి నాలుగు కుప్పలు చేయండి: ఈ నెలలో ఆడినవి, వయసు దాటిపోయినవి, ముక్కలు పోయినవి, పనిచేయనివి. చివరి కుప్పను పారేయకండి. పనిచేయని బొమ్మల్లో చాలావాటికి బ్యాటరీ కారడమే జబ్బు. బ్యాటరీ అర తెరిస్తే లోపలి స్ప్రింగు మీద తెల్లటి పొడి కనిపిస్తుంది. ఆల్కలైన్ బ్యాటరీ నుంచి కారేది క్షారం కాబట్టి దాన్ని పులుపు కరిగిస్తుంది. చేతికి తొడుగులు వేసుకుని, చెవులు శుభ్రం చేసుకునే దూదిపుల్లను వెనిగర్‌లోనో నిమ్మరసంలోనో ముంచి స్ప్రింగును, ఎదురుగా ఉన్న రేకును రుద్దండి. తర్వాత కొద్దిగా తడిపిన ఇంకో దూదిపుల్లతో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి కొత్త బ్యాటరీలు వేయండి. పాతవీ కొత్తవీ కలిపి వేస్తే పాతవి మళ్లీ కారవచ్చు. రేకు పూర్తిగా తినేసి ఉంటే మాత్రం వదిలేయాల్సిందే.

బాగున్నవాటిలో మూడోవంతు బయట ఉంచి మిగతావి లోపల కనబడని పెట్టెల్లో సర్దేయండి. మూడు నాలుగు వారాలకొకసారి మార్చండి. చాలా ఇళ్లలో ఈ పద్ధతి మొదటి మార్పు దగ్గరే ఆగిపోతుంది. ఒక సెట్టులో సగం ముక్కలు బయట, సగం పెట్టెలో ఉండిపోవడమే దానికి కారణం. సెట్టు మొత్తం ఒకే సంచిలో వేసి, మూతి కట్టి, పేరు రాసి పెట్టెలో ఉంచితే ఈ చిక్కు రాదు. రాత్రి పక్కన పెట్టుకుని పడుకునే బొమ్మను మాత్రం ఎప్పుడూ దాచకండి.

పిల్లలను ఏం కావాలని అడిగేటప్పుడు రెండుసార్లు అడగండి. మొదటిసారి చెప్పినవన్నీ రాసుకోండి. పదిహేను రోజుల తర్వాత ఆ కాగితం చూపించకుండా మళ్లీ అడగండి. రెండుసార్లూ వచ్చిన పేర్లే అసలు కోరికలు. మిగతావి ఆ వారం చూసిన ప్రకటనలవి. ప్రకటన తనకు అమ్మజూపుతోందన్న సంగతి చిన్నపిల్లలకు తట్టదు. అందుకే కెనడాలోని క్విబెక్ రాష్ట్రంలో 1980 నుంచి పదమూడేళ్ల లోపు పిల్లలను ఉద్దేశించిన వాణిజ్య ప్రకటనలకు, స్వీడన్‌లో 1991 నుంచి పన్నెండేళ్ల లోపు వారికోసం చేసే టీవీ ప్రకటనలకు నిషేధం ఉంది. మన ఇంట్లో ఆ పని ఈ రెండో ప్రశ్న చేస్తుంది.

అన్నిటికంటే కష్టమైనది బంధువుల సంగతి. దూరాన ఉన్న అమ్మమ్మా తాతయ్యలు, అత్తయ్యలు, బాబాయిలు పిల్లలను ఏడాదికొకసారైనా చూడలేకపోతున్నామన్న బెంగతో కొంటారు. ఆ బెంగను తప్పుపట్టలేం. కానీ బెంగతో కొన్నది పిల్లలకు సరిపోవడం అరుదు. ఆర్థికవేత్త జోయెల్ వాల్డ్‌ఫోగెల్ 1993లో ప్రచురించిన పరిశోధనలో, కళాశాల విద్యార్థులు తాము అందుకున్న కానుకలకు కట్టిన విలువ వాటి ధరకంటే పదోవంతు నుంచి మూడోవంతు దాకా తక్కువని తేల్చారు. వాడకం తెలియకుండా కొంటే అంత డబ్బు గాల్లో కలిసిపోతుంది. కాబట్టి ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే ఫోన్ చేసి మాట్లాడండి. "ఏమీ పంపొద్దు" అంటే నొచ్చుకుంటారు, పైగా ఇంకా ఎక్కువ పంపుతారు. "అత్తయ్యా, వీడికి సైకిలు నేర్పిద్దామనుకుంటున్నాం, మీరూ బాబాయివాళ్లూ కలిసి అది ఇస్తారా?" అని అడగండి. నలుగురి డబ్బు ఒక్క వస్తువులోకి వెళ్తుంది, ఇచ్చినవారి పేరు ఆ వస్తువుతోపాటు ఉంటుంది. అమ్మమ్మా తాతయ్యలను అడగదగినది ఇంకోటుంది. వాళ్ల గొంతుతో పది నిమిషాల చొప్పున పన్నెండు కథలు ఫోన్‌లో రికార్డు చేసి వారానికొకటి పంపమనండి. కథకు ముందు పిల్ల పేరు పెట్టి పిలవమని చెప్పడం మర్చిపోవద్దు. చిన్నపిల్లలు వినడం మొదలుపెట్టేది ఆ పిలుపు దగ్గరే.

వస్తువు ఎంచుకునేటప్పుడు పెట్టె మీది ధర ఒక్కటే చూడకండి. ఏడాదికి పట్టే బ్యాటరీలు, రీఫిల్లులు, నెలనెలా కట్టే చందా, అది లేకపోతే ఆడదు అనిపించే అదనపు భాగాలు, అన్నీ కూడండి. చవకగా కనిపించిన బొమ్మ చాలాసార్లు ఇక్కడే ఖరీదవుతుంది. ఇంట్లో ఇప్పటికే ఉన్నవాటితో కలిసేదైతే మంచిది. 1958 నాటి లెగో ప్లాస్టిక్ ఆట ఇటుక ఇవాళ్టి ఇటుకకు సరిగ్గా బిగుసుకుంటుంది, అందుకే పాత డబ్బా ఉన్న ఇంట్లో చిన్న సెట్టు కూడా పెద్ద కానుక అవుతుంది. మీట నొక్కితే తానే పాడి తానే ఆడే బొమ్మ దగ్గర పిల్లకు చేయడానికేమీ ఉండదు.

సెకండ్ హ్యాండ్ కొనడానికి మొహమాటపడే కాలం పోయిందనుకుంటాం. పోకపోతే పోవాలి. అయితే కొన్ని పరీక్షలు తప్పవు. మూడేళ్ల లోపు పిల్లలున్న ఇంట్లోకి టాయిలెట్ పేపర్ రోల్ మధ్యలోని గొట్టంలోంచి జారిపోయేంత చిన్న వస్తువు రాకూడదు. గుండీ బ్యాటరీ ఉన్న బొమ్మకు మూత స్క్రూతో బిగించి ఉండాలి. ఆ బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేయగలదు. ఊడివచ్చే చిన్న బలమైన అయస్కాంతాలున్నవి, పెచ్చులూడుతున్న పాత రంగు బొమ్మలు వద్దు. హెల్మెట్లు, పిల్లల కారు సీట్లు చరిత్ర తెలియకుండా ఎప్పుడూ కొనకండి, లోపలి దెబ్బ బయటికి కనిపించదు. పజిల్ అయితే ఇంట్లో ఒకసారి పూర్తిగా పేర్చి చూశాకే కానుకగా చుట్టండి. ప్లాస్టిక్ ఇటుకలను సబ్బు కలిపిన గోరువెచ్చని నీళ్లలో చేత్తో కడిగి గుడ్డమీద పరిచి ఆరబెట్టాలి. వేడి ఎక్కువైతే వంకర్లు పోయి ఒకదానికొకటి బిగుసుకోవు.

సైన్సు కిట్లు, క్రాఫ్టు కిట్లు ఇంట్లోనే కూర్చుకోవచ్చు. ఐదారేళ్ల నుంచి ఎనిమిదేళ్ల వాళ్లకు ఒక పెట్టెలో మంచి భూతద్దం, మూడు మీటర్ల కొలత టేపు, చిన్న టార్చి, పది మీటర్ల దారం, రెండు కప్పీలు, గీతల్లేని నోటుపుస్తకం పెడితే చాలు. నాలుగు కుటుంబాలు కలిసి టోకున కొని పంచుకుంటే ఇంకా తగ్గుతుంది. ఇలాంటి పెట్టెలు పనికిరాకుండా పోయేది చవక కత్తెర, ఎండిపోయిన జిగురు వల్ల. కాగితం తెగని కత్తెరతో పిల్ల ఐదు నిమిషాలు పోరాడి పెట్టె మూసేస్తుంది. ఆ రెండింటి దగ్గర మాత్రం పొదుపు చేయకండి.

ధరల విషయంలో చెప్పాల్సినది కొంచెమే. అనుకున్న వస్తువు ధర రెండు నెలల ముందే రాసిపెట్టుకోండి. కొట్టివేసి చూపించే "అసలు ధర" నిజమో కాదో అప్పుడు తెలుస్తుంది. డెలివరీ ఉచితం కావడానికి ఇంకో వస్తువు చేర్చకండి. రిటర్న్ గడువు కానుక ఇచ్చిన రోజు నుంచి కాక కొన్న రోజు నుంచి లెక్కిస్తే, ముందుగా కొన్నవాళ్లకు మార్చుకునే వీలు పోతుంది. అది అడిగి కొనండి. క్రెడిట్ కార్డు మీద మాత్రం ఒక లెక్క చూడండి. ఏడాదికి 24 శాతం వడ్డీ ఉన్న కార్డు మీద వెయ్యి ఖర్చుపెట్టి నెలకు యాభై చొప్పున కడితే, తీరడానికి 26 నెలలు పడుతుంది, కట్టేది దాదాపు 1,290. ఈ సెలవుల బొమ్మకు ఇంకో రెండు సెలవులు దాటాక కూడా కడుతుంటాం. అదే వెయ్యిని పది నెలల ముందు నుంచి నెలకు వంద చొప్పున పక్కన పెడితే వడ్డీ మాటే లేదు.

కానుకలిచ్చే రోజున తొందర వద్దు. బ్యాటరీలు, చార్జింగు, అప్‌డేట్లు, స్క్రూలు బిగించడం ముందు రాత్రే ముగించండి. గంటసేపు డౌన్‌లోడ్ కోసం ఎదురుచూసిన పిల్ల ఏడిస్తే ఆ తప్పు పిల్లది కాదు. ఒకటి విప్పాక దానితో ఆడటం ఆగేదాకా రెండోది తీయకండి. మూడూ ఒకే రోజు ఇవ్వాలని కూడా లేదు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల మధ్య చిన్నవాళ్లు సంఖ్య చూస్తారు, పదేళ్లు దాటినవాళ్లు ధర చూస్తారు. చిన్నవాళ్లకు సంఖ్య సమానంగా ఉంచి, పెద్దవాళ్లకు డబ్బు లెక్క విప్పి చెప్పండి. ఖరీదైనది అడిగిన పెద్ద పిల్లలతో "మా వాటా ఇంత, మిగతాది నీ దాచుకున్నదాంట్లోంచి" అనొచ్చు. "మన దగ్గర డబ్బుల్లేవు" అని మాత్రం అబద్ధం చెప్పకండి, మనకోసం మనం కొనుక్కునేవి వాళ్లు చూస్తూనే ఉంటారు. "దీనికి ఇంత పెట్టకూడదని అనుకున్నాం" అంటే సరిపోతుంది.

"బుద్ధిగా ఉంటేనే కానుక" అనే బేరం మానేయాలి. మనస్తత్వవేత్తలు మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ 1973లో ప్రచురించిన ప్రయోగంలో, బొమ్మలు గీయడం ఇష్టమున్న చిన్నపిల్లల్లో కొందరికి గీస్తే బహుమతి ఇస్తామని ముందే చెప్పి ఇచ్చారు. తర్వాత స్వేచ్ఛగా వదిలినప్పుడు, బహుమతి ఆశ చూపని పిల్లలతో పోలిస్తే వాళ్లు దాదాపు సగం సేపే గీశారు. కానుకను కూలిగా మారిస్తే వచ్చే ఏడాది కూలి పెంచమంటారు.

చివరిగా మన సంఘానికి ఒక ప్రతిపాదన. సెలవులకు మూడు వారాల ముందు ఒక మధ్యాహ్నం బొమ్మల మార్పిడి పెడదాం. ఒక్కో పిల్ల గరిష్ఠంగా మూడు తెస్తుంది, ఎన్ని తెస్తే అన్ని టోకెన్లు, టోకెనుకు ఒకటి. గుమ్మం దగ్గర బల్లమీద స్క్రూడ్రైవరు, బ్యాటరీలు, పైన చెప్పిన టాయిలెట్ పేపర్ గొట్టం పెట్టుకుని ఇద్దరు పెద్దలు ప్రతి బొమ్మనూ పరీక్షించి లోపలికి పంపాలి. వయసుల వారీగా మూడు బల్లలు వేసి, మెత్తటి బొమ్మలు ఉతికినవైతేనే తీసుకోవాలి. మొదటి అరగంట తర్వాతే ఎంచుకోవడం మొదలుపెడితే ముందొచ్చినవాళ్లకే మంచివన్నీ పోవు. మిగిలినవాటిని అదే సాయంత్రం ఎవరు, ఎక్కడికి చేర్చాలో పిలుపు పంపే రోజునే పేరుతో సహా రాసుకోవాలి.