సవరణ: మెడికల్ ప్రయారిటీ కాదంటే వెళ్లాల్సింది కౌంటీ కోర్టుకు కాదు

ఇంగ్లండ్‌లో కౌన్సిల్ ఇంటికి (స్థానిక ప్రభుత్వం అద్దెకిచ్చే ఇంటికి) ఆరోగ్య కారణాల మీద ప్రాధాన్యం ఇవ్వకపోతే "21 రోజుల్లో కౌంటీ కోర్టుకు అప్పీలు" అని కిందటి పోస్టులో ఉంది. ఆ దారి 1996 హౌసింగ్ చట్టం ఏడో భాగానిది, అంటే నిలువ నీడ లేనివాళ్ల కేసులది. అదీ రివ్యూ అయ్యాక, చట్టపరమైన అంశం మీదే.

ఇళ్ల కేటాయింపు ఆరో భాగం కిందికి వస్తుంది. 166ఏ సెక్షన్ ప్రకారం ముందు కౌన్సిల్‌నే రివ్యూ అడగాలి. గడువు ఒక్కో కౌన్సిల్‌కి ఒక్కోలా ఉంటుంది, వాళ్ల అలొకేషన్ పాలసీలో చూసుకోండి. అక్కడా కాదంటే హైకోర్టులో జ్యుడీషియల్ రివ్యూ, అంటే కౌన్సిల్ నిర్ణయం చట్టప్రకారం ఉందా అని కోర్టు చూడటం. వెంటనే వెయ్యాలి, ఎంత ఆలస్యమైనా 3 నెలలు దాటకూడదు. కౌన్సిళ్ల మీద ఫిర్యాదులు విచారించే లోకల్ గవర్నమెంట్ అండ్ సోషల్ కేర్ ఆంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు ఉచితం. కానీ వాళ్లు చూసేది కౌన్సిల్ పద్ధతిగా నడుచుకుందా లేదా అన్నదే.

జీపీ (ఫ్యామిలీ డాక్టర్) లెటర్ గురించి కిందటి పోస్టులో రాసినదానికి ఒక్కటి కలుపుతున్నా. "కీళ్లవాతం ఉంది, మంచి ఇల్లు అవసరం" అని రెండు ముక్కలు రాయించుకుంటే ఒరిగేదేం లేదు. ఉదాహరణకి, బాత్రూమ్ పైఅంతస్తులో ఉందనీ, పెద్దావిడ మెట్ల మీద కూర్చుని ఒక్కో మెట్టే జరుగుతూ దిగుతోందనీ, రాత్రిళ్లు వెళ్లాల్సొస్తుందని సాయంత్రం నుంచే నీళ్లు మానేస్తోందనీ రాయించండి. కౌన్సిల్‌కి కావాల్సింది జబ్బు పేరు కాదు, ఈ ఇంట్లో ఉంటే అది ఎలా ముదురుతోందో.

స్టూడెంట్, స్కిల్డ్ వర్కర్ వీసాల వాళ్లకి మామూలుగా కౌన్సిల్ ఇళ్ల వెయిటింగ్ లిస్టులో చోటే ఉండదు.