మహారాజశ్రీ సేవ్ ది డేట్ గారికి

తిరుపతి, బైరాగిపట్టెడ నుంచి పెళ్లికూతురి తండ్రి అనేక నమస్కారాలు చేసి వ్రాయునది. ఉభయకుశలోపరి.

మీరు మా ఇంటికి వచ్చి నేటికి పదకొండు రోజులు. పెళ్లి తేదీ ఖాళీగా పెట్టుకోమని పత్రిక కంటే ముందే చెప్పే ఫోన్ కార్డు మీరట. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి మిమ్మల్ని నా ఫోన్‌కి పంపి, "నాన్నా, మన సైడ్ వాళ్లందరికీ ఫార్వర్డ్ చేసేయ్" అంది. అప్పటి నుంచి ఫోన్‌లోనే ఉన్నారు. రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి తెరిచి చూస్తాను. హార్స్‌లీ హిల్స్ మీద సాయంత్రపు ఎండలో పిల్లా పిల్లోడూ నీడల్లా నిలబడి ఉంటారు. ఎవరి మొహమూ కనిపించదు. కింద ఇంగ్లీషులో తేదీ, ఊరి పేరు, "ఆహ్వానం తరువాత వస్తుంది" అని ఒక ముక్క. ముహూర్తం లేదు, మండపం లేదు, మా నాయన పేరు లేదు. మా అమ్మ కళ్లజోడు పెట్టుకుని చూసి, మనవరాలు చెప్పిన అర్థం విని, "తేదీని దాచిపెట్టుకోమంటే ఎక్కడ దాచేది రా, కందిపప్పు డబ్బాలోనా?" అంది.

మీ పుట్టింటి సంగతి అమ్మాయే చెప్పింది. అమెరికాలో పెళ్లికి ఆరేడు నెలల ముందే మిమ్మల్ని పంపుతారట. అసలు పత్రిక ఆరు నుంచి ఎనిమిది వారాల ముందు వెళ్తుందట. జనం సెలవు పెట్టుకోవాలి, విమానం టికెట్లు చౌకగా దొరికినప్పుడు కొనుక్కోవాలి. సబబే. ఒకసారి మిమ్మల్ని పంపాక ఆ మనిషిని పెళ్లికి పిలవకుండా ఊరుకోకూడదట. అదీ సబబే. కాకపోతే అక్కడి పెళ్లివారికి ఇంటి పైన ఏడుకొండలు లేవు. పిట్స్‌బర్గ్‌లో స్వామి గుడి ఉందనుకోండి, కానీ దాని దర్శనం టికెట్ల కోసం పెళ్లికూతురి తండ్రికి ఎవరూ ఫోన్ చెయ్యరు.

తిరుపతిలో కాపురమున్నవాడు తేదీ చెప్పడమంటే ఏమిటో మీకు తెలిసే అవకాశం లేదు. "మాఘమాసంలో ఫలానా రోజు మా అమ్మాయి పెళ్లి" అని మేమంటాం. అవతలివాళ్లకు "ఫలానా రోజు కొండకు రండి, దర్శనం నేను చూసుకుంటా" అని వినిపిస్తుంది. మా తమ్ముడి కొడుకు పెళ్లికి నెల ముందే పత్రికలు పంచాం. ఆ నెల రోజులూ నా ఫోన్ చార్జింగ్‌లోనే ఉంది. "బావా, మేం తొమ్మిది మందిమి. బ్రేక్ దర్శనానికి ఎవరైనా తెలిసినవాళ్లు ఉన్నారా?" "అన్నయ్యా, కొండ మీద రూము చూడు, పిల్లోడికి పుట్టువెంట్రుకలు కూడా తీయించేస్తాం." ఒక కుటుంబమైతే క్యూలో ఆలస్యమై, తలంబ్రాలు అయిపోయాక లడ్డూ కవర్లతో మండపానికి వచ్చింది. గ్రూప్ ఫోటోలో వెనక వరస మొత్తం గుండ్లే. గంధం పూసుకుని వచ్చారు, అందుకని పెండ్లికొడుకు కన్నా వాళ్లే బాగా మెరిశారు.

అది ఒక్క నెల నోటీసుకు. మీరు వచ్చింది శ్రావణంలో, అంటే ఆరు నెలల నోటీసు. ఈ ఆరు నెలల్లో చుట్టాలు ఏం చెయ్యగలరో కాస్త లెక్క వేశాను. రైలు రిజర్వేషన్ 2024 నవంబరు నుంచి 60 రోజుల ముందు మాత్రమే తెరుస్తున్నారు, అంతకుముందు 120 రోజులుండేది. మూడు వందల రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు ఆన్‌లైన్‌లో పెట్టేది సుమారు మూడు నెలల ముందు. కాబట్టి మిమ్మల్ని ఇవాళ పంపితే మొదటి మూడు నెలలు వాళ్లు కొనగలిగింది ఏమీ లేదు. ఖాళీగా ఉంటారు. ఖాళీగా ఉన్న చుట్టం ఏం చేస్తాడండీ? నాకు ఫోన్ చేస్తాడు.

మా చిత్తూరు అక్కయ్య సంగతి వేరే. ఆమెకు దర్శనం అక్కర్లేదు, మర్యాద కావాలి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పటి నుంచి మమ్మల్ని "మీ తిరుపతి జిల్లా వాళ్లు" అంటోంది. గడపలో నిలబడి బొట్టు పెట్టి, నాలుగు మూలలా పసుపు రాసిన పత్రిక చేతికిస్తేనే అది పిలుపు. మిమ్మల్ని ఆమె ఫోన్‌కి పంపానో, "మీ జిల్లాలో కుంకుమ దొరకడం లేదేమప్పా?" అంటుంది. పెండ్లికి రాదు. రాకపోయినా ఫరవాలేదు, రాలేదని ఇరవై ఏళ్లు చెబుతుంది.

ఇంకో చిక్కు ఉంది. నాకు నిద్ర పట్టనిది దీనివల్లే. పెళ్లి పత్రిక మొదటిది స్వామివారికి పంపడం మా ఆచారం. దేవస్థానం వాళ్లు బదులుగా అక్షింతలు, పసుపు కుంకుమ, కంకణం పంపుతారు. ఇప్పుడు మీరు ముందే అందరి ఫోన్లలోకి దూరితే మొదటి పిలుపు ఎవరికి వెళ్లినట్టు? గుంటూరు బావకా? ఆ స్వామి పెళ్లికే ఆకాశరాజు పత్రిక రాయించి శుకమహర్షి చేతికిచ్చి పంపాడని స్థలపురాణం. దానికి ముందు "తేదీ ఖాళీ పెట్టుకో, తతిమ్మా వివరాలు తరువాత" అని ఎవరినీ పంపినట్టు లేదు. పంతులుగారిని అడిగాను. ఆయన మిమ్మల్ని అటూ ఇటూ జరిపి, పెద్దది చేసి, చిన్నది చేసి చూసి, "లగ్నం లేదు, గోత్రం లేదు, శ్రీరస్తు కూడా లేదు. ఇది పత్రిక కిందకు రాదు నాయనా, పంపినా దోషం లేదు" అన్నారు. మిమ్మల్ని ఇంత గట్టిగా తీసిపారేసినందుకు నొచ్చుకోవద్దు. మీ దారి సుగమం చేసింది ఆ మాటే.

అందుకని నిర్ణయించాను. డల్లాస్‌లో ఉన్న మా మేనల్లుడికి, దుబాయ్‌లో ఉన్న తోడల్లుడికి, సెలవు దొరకని ఇంకో నలుగురికి మిమ్మల్ని పంపుతున్నాను. మిగతావాళ్లకు పత్రిక అచ్చయ్యాక బొట్టు పెట్టి పిలుస్తాం. అమ్మాయి సరేనంది, కొంచెం అలిగి.

మా ఆవిడ మాత్రం పంతులుగారి మాట నమ్మలేదు. నిన్న మిమ్మల్ని జిరాక్స్ షాపులో కలర్ ప్రింట్ తీయించి, నాలుగు మూలలా పసుపు రాసి, కె.టి. రోడ్డులో టీటీడీ పరిపాలనా భవనం చిరునామాకు పోస్టు చేసి వచ్చింది. అసలు పత్రిక తరువాత పంపుతాం కదా, ఇదెందుకు అని అడిగాను.

"నిత్యకల్యాణం పచ్చతోరణం ఆయనకి. రోజూ తన పెండ్లే ఉంటుంది. మన పిల్ల పెండ్లికి రమ్మంటే ముందే చెప్పొద్దా?" అంది.