టీటీఎల్‌ని తిట్టే ముందు లెన్సు మాట వినండి

"టీటీఎల్‌ని నమ్మకు, ఫ్లాష్ మాన్యువల్‌లో పెట్టుకో." పెళ్లి ఫోటోలు నేర్చుకోవడానికి వచ్చిన ప్రతి కుర్రాడికీ మా సీనియర్లు చెప్పే మొదటి మాట ఇదే. టీటీఎల్ అంటే లెన్సులోంచి వచ్చే వెలుగుని కొలిచి, ఫ్లాష్ ఎంత వెలగాలో కెమెరానే తేల్చుకునే పద్ధతి. మాన్యువల్ అంటే ఆ పవర్ మనమే పెట్టుకోవడం. ఎందుకు నమ్మకూడదో మాత్రం ఒక్కరూ చెప్పరు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

మొన్న ఒక పెళ్లిలో వధూవరులు మధుపర్కాలు కట్టుకుని పీటల మీద కూర్చున్నారు. ఫ్రేము నిండా తెలుపే. మా అసిస్టెంటు తీసిన ఫోటోలో ఆ తెల్లచీర బూడిద రంగుకి తిరిగింది, పెళ్లికూతురి మొహం నల్లబడింది. ఫ్లాష్ పోయిందన్నా అంటూ టెన్షన్ పడ్డాడు. ఫ్లాష్‌కి ఏమీ కాలేదు. దాని తల సీలింగ్ వైపు తిరిగి ఉంది, అంతే.

షట్టర్ తెరుచుకోకముందే ఫ్లాష్ సన్నగా ఒకసారి వెలుగుతుంది. అందులో ఎంత తిరిగొచ్చిందో కెమెరా కొలుస్తుంది. ఎదురుగా ఉన్నది తెల్లచీరో నల్లకోటో దానికేం తెలుసు? వెలుగు ఎక్కువ తిరిగొస్తే చాలనుకుని అసలు ఫ్లాష్‌ని తగ్గించేస్తుంది. రిసెప్షన్‌లో నల్లసూటు వేసుకున్న పెళ్లికొడుకు మొహం పాలిపోయినట్టు రావడానికి కారణం కూడా ఇదే, తిరగేసి చూడండి.

ఈ పొరపాటు దిద్దడానికే లెన్సు చేత దూరం చెప్పించారు. నికాన్ 1992లో ఎఫ్90 కెమెరాతో, డి రకం లెన్సులతో మొదలుపెట్టింది. కెనాన్ 2004లో ఈ-టీటీఎల్ 2 అనే తన పద్ధతి తెచ్చింది. ఫోకస్ ఎంత దూరంలో పడిందో లెన్సు చెబుతుంది. గైడ్ నంబర్ (ఫ్లాష్ బలాన్ని చెప్పే అంకె) 40 ఉన్న ఫ్లాష్‌కి ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా సున్నితత్వం) 100లో, 5 మీటర్ల దూరానికి ఎఫ్/8 అపెర్చర్ (లెన్సు రంధ్రం) సరిపోతుంది; 40ని 5తో భాగిస్తే 8. చీర రంగుతో పనే లేదు. 2.5 మీటర్లకి జరిగితే అందులో పావు వంతు వెలుగు చాలు. కెమెరా తను కొలిచినదాన్ని ఈ లెక్కతో సరిచూసుకుంటుంది.

ఫ్లాష్ తల పైకి తిప్పామా, ఈ లెక్క చెల్లదు. వెలుగు సీలింగ్‌కి వెళ్లి ఎంత దూరం తిరిగొస్తుందో లెన్సుకి తెలియదు కదా! అప్పుడు కెమెరా దూరాన్ని పక్కనపెట్టి, మళ్లీ చీర రంగునే నమ్ముకుంటుంది. ఆ కాస్త మనం దిద్దాలి.

మాన్యువల్ చెడ్డదని నేననను. కదలకుండా కూర్చున్నవాళ్లకి అదే మేలు. కానీ తలంబ్రాల వేళ జనంలో తోసుకుంటూ 3 మీటర్ల నుంచి ఒకటిన్నర మీటరుకి వెళ్లిపోతాం. మొహం మీద పడే వెలుగు నాలుగింతలవుతుంది. పవర్ మార్చుకునేంత తీరిక అక్కడ ఎవరికుంటుంది?

మావాడి చేత ఫ్లాష్ నేరుగా పెట్టించి ఒకటి తీయించాను. చీర తెల్లగా వచ్చింది. మళ్లీ తల సీలింగ్‌కి తిప్పించి, ఫ్లాష్ కాంపెన్సేషన్ ప్లస్ 1 పెట్టమన్నాను, అంటే కెమెరా తేల్చినదానికి రెట్టింపు వెలుగు. ఈసారి చీర తెల్లగానే ఉంది, అంచు ఎరుపు నిలిచింది, బుగ్గన పెట్టిన దిష్టిచుక్క కూడా కనిపించింది.