కొవ్వు ఆమ్లాల మాత్రలు కీమోథెరపీకి బదులు కావు

“పెద్దపేగు క్యాన్సర్ కణాలపై కొవ్వు ఆమ్లాలను గుర్తించే గ్రాహకాలున్నాయి. ఒమేగా-3, బ్యూటిరేట్ మాత్రలు మింగితే అవి మేల్కొని కణితిని కరిగిస్తాయి. ఇక కీమోథెరపీ అక్కర్లేదు.” విస్తృతంగా తిరుగుతున్న ఈ సందేశంలో మొదటి వాక్యం నిజమే. ఆ నిజాన్ని అడ్డుపెట్టుకుని మిగతా రెండు అబద్ధాలూ నమ్మకం సంపాదిస్తున్నాయి. నా కోపమంతా అందుకే.

ముందుగా “మేల్కొలపడం” సంగతి. ఈ గ్రాహకాలన్నీ ఒకే తీరువి కావు. పేగులోని బ్యాక్టీరియా పీచును పులియబెట్టినప్పుడు పుట్టే బ్యూటిరేట్‌కు జీపీఆర్109ఏ స్పందిస్తుంది. అది పేగును కాపాడే గ్రాహకమని జంతు పరిశోధనలు చెబుతున్నాయి. అయితే పెద్దపేగు క్యాన్సర్‌లో డీఎన్‌ఏ మిథైలేషన్ (జన్యువుపై రసాయన గుర్తులు చేరడం) వల్ల దాని జన్యువే మూగబోతుంది. కణంపై లేని గ్రాహకాన్ని ఏ మాత్ర మేల్కొలుపుతుంది?

ఒమేగా-3 వంటి పొడవైన ఆమ్లాలను పట్టుకునే జీపీఆర్120 కథ మరీ చిక్కు. దాన్ని ఉత్తేజపరిస్తే కొత్త రక్తనాళాలు పుట్టించే సంకేతాలు, క్యాన్సర్ కణాల కదలిక పెరిగాయని 2013లో ఒక ప్రయోగశాల అధ్యయనం చూపింది. అందుకే ఆ పరిశోధకులు దాన్ని మందుకు లక్ష్యంగా చూశారు, అదీ అడ్డుకోవడానికి! సందేశం చెబుతున్నది సరిగ్గా దీనికి ఎదురు.

బ్యూటిరేట్ ప్రభావంలో చాలా భాగానికి అసలు గ్రాహకమే అవసరం లేదు. ఆరోగ్యకరమైన పేగు కణాలు దాన్ని ఇంధనంగా వాడుకుంటాయి. గ్లూకోజ్‌పై ఆధారపడే క్యాన్సర్ కణాల్లో అది పేరుకుపోయి, జన్యువుల పనిని నియంత్రిస్తూ క్యాన్సర్ కణాల పెరుగుదలకు తోడ్పడే హిస్టోన్ డీఅసిటైలేజ్ ఎంజైములను అడ్డుకుంటుంది. ఇది ఎక్కువగా ప్రయోగశాలలో గమనించిన విషయం. మామూలు మాత్రగా మింగిన బ్యూటిరేట్‌లో ఎక్కువ భాగం పెద్దపేగు చేరకముందే శరీరంలోకి ఇంకిపోతుంది.

మనుషులపై పరీక్షలు జరగలేదా అంటే, జరిగాయి. అమెరికాలో 25,871 మందితో సాగిన వైటల్ అధ్యయనంలో రోజుకు 1 గ్రాము ఒమేగా-3 క్యాన్సర్ రాకను తగ్గించలేదు.

గ్రాహకం దొరికితే మందు దొరికినట్టే అనుకోవడమూ తొందరపాటే. కొవ్వు ఆమ్లాలనే గుర్తించే మరో గ్రాహకం జీపీఆర్40ను ఉత్తేజపరిచే ఫాసిగ్లిఫామ్ అనే మందు మధుమేహానికి మూడో దశ పరీక్షల దాకా వెళ్లింది. కాలేయానికి హాని కనిపించడంతో 2013 డిసెంబరులో దాన్ని ఆపేశారు.

ఇక కీమోథెరపీ. దగ్గరి శోషరస గ్రంథులకు పాకిన, అంటే మూడో దశ పెద్దపేగు క్యాన్సర్‌లో శస్త్రచికిత్స తర్వాత ఇచ్చే కీమో వ్యాధి తిరగబెట్టడాన్నీ మరణాలనూ తగ్గిస్తుందని 1990 నుంచీ పెద్ద పరీక్షలు నిరూపిస్తూ వచ్చాయి. దాన్ని మొదలుపెట్టడం ఆలస్యమయ్యేకొద్దీ బతికే అవకాశం తగ్గుతుంది. మాత్రలను నమ్మి వారాలు గడిపే రోగి పోగొట్టుకునేది ఆ అవకాశాన్నే.