గ్యాస్ సూది వేయమని అడిగే ముందు

కర్నూలులో ఒక ప్రైవేటు ఆసుపత్రి క్యాజువాలిటీలో నేను పద్దెనిమిదేళ్లుగా నర్సుగా పనిచేస్తున్నాను. ఇన్నేళ్లలో రోగుల నోటి నుంచి, వారికంటే ఎక్కువగా వారి వెంట వచ్చినవారి నోటి నుంచి, నేను తరచుగా విన్న మాట "ముందొక గ్యాస్ సూది వేయండి" అన్నదే. జబ్బు ఏమిటో చెప్పకముందే మందు పేరు చెబుతారు, మాత్ర ఇస్తామంటే ముఖం చిన్నబుచ్చుకుంటారు. మాత్ర రాసే డాక్టరుకు పని రాదనీ సూది వేసేవాడే మొనగాడనీ మన జిల్లాల్లో పాతుకుపోయిన నమ్మకం మీద నాకు చాలాకాలంగా కోపముంది. ఈ పోస్టు మా వృత్తివాళ్లకూ రుచించకపోవచ్చు, ఎందుకంటే తప్పు అడిగేవాళ్లది మాత్రమే కాదు, అడగగానే వేసేవాళ్లది కూడా.

పొరపాటు పేరులోనే మొదలవుతుంది. మనం గ్యాస్ సూది అంటున్నది ఎక్కువగా పాంటోప్రజోల్. అది గ్యాసును తీసేసే మందు కాదు. జీర్ణాశయం గోడలోని కణాల్లో ఆమ్లాన్ని బయటికి తోసే పంపుల్లాంటి ప్రొటీన్లు ఉంటాయి. ఈ మందు వాటికి అంటుకొని వాటిని పనిచేయనివ్వదు. మాత్రగా మింగినా, ఆ మందులో సుమారు 77 శాతం రక్తంలోకి చేరుతుంది. అంటే మింగగలిగిన మనిషికి, భోజనానికి అరగంట ముందు వేసుకున్న 40 మిల్లీగ్రాముల మాత్ర చేసే పనికీ, నరానికి ఎక్కించిన 40 మిల్లీగ్రాముల సూది చేసే పనికీ మీరు ఊహించుకునేంత తేడా లేదు. సూది ఉన్నది మింగలేనివారి కోసం: ఏది తాగినా వాంతి అయ్యేవారికి, స్పృహ లేనివారికి, ఆపరేషన్ కారణంగా నోటితో ఏమీ తీసుకోకూడనివారికి. అన్నవాహికలో ఆమ్లం వల్ల పుండ్లు పడినవారికి కూడా సాధారణంగా 7 నుంచి 10 రోజులకు మించి ఇవ్వరు, మింగగలిగిన రోజునే మాత్రకు మారుస్తారు. అల్సర్ (జీర్ణాశయంలో పుండు) నుంచి రక్తం కారుతున్న రోగి సంగతి వేరు. ఎండోస్కోపీలో, అంటే నోటి గుండా కెమెరా ఉన్న గొట్టం పంపి, రక్తం ఆపిన తర్వాత ముందు 80 మిల్లీగ్రాములు, ఆపైన గంటకు 8 మిల్లీగ్రాముల చొప్పున 72 గంటలపాటు ఎక్కించే పద్ధతి ఉంది. ఆ రోగి మంచం దగ్గర నిలబడి చూస్తే ఈ మందు విలువ తెలుస్తుంది. రాత్రి బిర్యానీ ఎక్కువై గుండెల్లో మంటగా ఉందని నడుచుకుంటూ వచ్చినవారికీ అదే సీసా విప్పాల్సిరావడం నాకు బాధ కలిగిస్తుంది.

ఇక ఇచ్చే తీరు గురించి చెప్పాలి, నాకు బాగా తెలిసింది అదే. సీసాలోని పొడిని 10 మిల్లీలీటర్ల నార్మల్ సెలైన్‌లో కలిపి, నరంలోకి కనీసం రెండు నిమిషాలపాటు నెమ్మదిగా ఎక్కించాలి. లేదంటే మరింత సెలైన్‌లో కలిపి పదిహేను నిమిషాల్లో ఎక్కేలా పెట్టాలి. రెండు నిమిషాలంటే ఏముంది అనిపిస్తుంది. అవతల ముగ్గురు రోగులు, పక్కన మోగుతున్న ఫోను, ఎదురుగా "ఇంకెంతసేపమ్మా" అంటూ నిలబడ్డ బంధువు ఉన్నప్పుడు, గడియారం ముల్లు చూస్తూ సిరంజి నెట్టి చూడండి, రెండు నిమిషాలు ఎంత పొడవో తెలుస్తుంది. నేనూ కొత్తలో తొందరపడ్డాను, ఒప్పుకుంటున్నాను. ఇది నరానికి మాత్రమే ఇవ్వాల్సిన మందు. పల్లెల్లో కొందరు తుంటికి కూడా వేస్తున్నారని రోగులే చెబుతుంటారు. అలా ఇవ్వకూడదు. అదే గొట్టంలో వేరే మందు వెళుతుంటే ఆపి, సెలైన్‌తో కడిగి, అప్పుడు ఇవ్వాలి. కొన్ని మందులతో కలిస్తే ఇది చెడిపోతుంది లేదా గడ్డకడుతుంది. సూది వేసిన నరం వాచి, ఎర్రబడి నొప్పి పెట్టడం మామూలే, దాన్ని దాచకుండా సిస్టరుకు చెప్పండి. ఒళ్లంతా దద్దుర్లు లేచినా, ఊపిరి బిగపట్టినట్టు ఉన్నా క్షణం ఆగకుండా కేక వేయండి.

ఆమ్లాన్ని తగ్గించే మరో మందు రానిటిడిన్ సూదినీ కొందరు ఇంకా పేరు పెట్టి అడుగుతారు. దాన్ని కూడా పలుచగా చేసి కనీసం ఐదు నిమిషాల్లో ఇవ్వాలి, వేగంగా నెడితే గుండె కొట్టుకోవడం మందగించవచ్చు. ఆ మందులో క్యాన్సర్ కారకమని అనుమానించే మలినం ఉందని 2019లో బయటపడింది, మన దేశం 2022లో జాతీయ అత్యావశ్యక మందుల జాబితా నుంచి దాన్ని తీసేసింది. దాని మీద ఇంతకన్నా చెప్పాల్సింది లేదు.

మా మేనమామది ఆదోని. మోకాళ్ల నొప్పులకు ఎవరూ రాయకుండానే మందుల షాపులో నొప్పి మాత్రలు కొనుక్కొని నెలల తరబడి మింగాడు. కడుపులో మంట మొదలైతే ఊళ్లో ఒకచోట రోజూ సాయంత్రం గ్యాస్ సూది వేయించుకున్నాడు. వేసిన గంటకు హాయిగా ఉండేది. ఆ హాయే కొంప ముంచింది, మంట తగ్గితే జబ్బు తగ్గిందనుకున్నాడు. ఆరో రోజుకు విరేచనం తారులా నల్లగా అవుతుంటే, అది లోపల రక్తం కారుతున్న గుర్తు కావచ్చని తెలియక, ఐరన్ టానిక్ తాగుతున్నాను కాబట్టి అలాగే ఉంటుందని తనకు తానే సమాధానం చెప్పుకున్నాడు. తొమ్మిదో రోజున స్నానాల గదిలో పడిపోయాడు. కర్నూలుకు తెచ్చేసరికి బీపీ అందడం లేదు. నాలుగు సీసాల రక్తం, ఎండోస్కోపీ, అల్సర్. సూది వేసిన మనిషి ఒక్కసారైనా "మామా, ఏం మాత్రలు వేసుకుంటున్నావు? విరేచనం ఏ రంగులో ఉంది?" అని అడిగి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. అడగకపోవడమే నా ఫిర్యాదు, సూది కాదు.

గ్యాస్ అనుకొని మోసపోయే రెండో తీరు మరీ భయంకరం. గుండెపోటు నొప్పి అందరికీ ఎడమ చేయి లాగుతూ రాదు. కడుపు పైభాగంలో మంటగా, తేన్పులుగా, చెమటగా కూడా వస్తుంది, ముఖ్యంగా షుగరు ఉన్నవారికి. అందుకే నలభై దాటినవాళ్లు ఛాతీ మంట అంటే మేము సూది సీసా ముట్టకముందే ఈసీజీ తీయాలి. "మావాడికి గ్యాసే, ఎప్పుడూ ఉండేదే" అని మా మీద అరిచేవారితో ఎన్నిసార్లు తగువు పడ్డానో లెక్క లేదు. మీకు గ్యాస్ అని తెలిస్తే మా దగ్గరికి ఎందుకు వచ్చారని ఒకసారి నోరు జారి అడిగాను, అది కొంచెం ఎక్కువే.

ఊరిమిండి, మిరపకాయ బజ్జి, ఉగ్గాని తింటాం కాబట్టే మనకు అల్సర్లని నిందను కారం మీద వేసి ఊరుకుంటాం. కారం మంటను పెంచుతుందేమో గాని, జీర్ణాశయంలో పుండ్లకు అసలు కారణాలు ఎక్కువగా రెండే: హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా, నొప్పి మాత్రలు. ఆ బ్యాక్టీరియాను కనిపెట్టిన మార్షల్, వారెన్‌లకు 2005లో నోబెల్ వచ్చింది. అది ఉన్నట్టు తేలితే యాంటీబయాటిక్‌లతో వదిలించుకోవచ్చు, సూదులతో కాదు. పైగా ఆ బ్యాక్టీరియా కోసం చేసే శ్వాస పరీక్షకు ముందు రెండు వారాలైనా ఈ ఆమ్లం తగ్గించే మందులు ఆపకపోతే బ్యాక్టీరియా ఉన్నా లేనట్టు చూపవచ్చు. మింగడం కష్టంగా ఉన్నా, బరువు తగ్గుతున్నా, రక్తహీనత కనిపించినా సూది కాదు, ఎండోస్కోపీ కావాలి. మంట తగ్గించే మందు క్యాన్సర్ లక్షణాలను కూడా కొన్నాళ్లు కప్పిపెట్టగలదు. అవసరం లేకుండా ఏళ్ల తరబడి ఈ రకం మందులు వాడితే మెగ్నీషియం, బి12 తగ్గడం, ఎముకలు విరగడం వంటి ప్రమాదాలూ ఉన్నాయి, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వంటి మందులు వాడేవారు ముందే చెప్పాలి.

మా మామ ఇప్పుడు నొప్పి మాత్రలు మానేశాడు, పొద్దున్నే టిఫినుకు అరగంట ముందు ఒక్క మాత్ర వేసుకుంటాడు. నేను ఆదోనికి వెళ్లినప్పుడల్లా మాత్రల అట్ట తీసి ఎన్ని మిగిలాయో లెక్కపెడతాను. లెక్క సరిగ్గానే ఉంటుంది. అయినా గుమ్మం దాటేటప్పుడు మాత్రం అడుగుతాడు: "పాపా, ఎందుకైనా మంచిది, ఒక్క సూది తెచ్చుంటే బాగుండేది గదా?"