మట్టి లెక్క తేలకుండా గొడ్డలా?

అడవినంతా నరకడం లేదు, ముదిరిన చెట్లనే ఎంచి కొడుతున్నాం, కాబట్టి నష్టమేమీ లేదన్న వాదన మళ్లీ వినిపిస్తోంది. నల్లమల, వెలిగొండలను ఆనుకొని బతుకుతున్న ఉమ్మడి ప్రకాశం, నెల్లూరు జిల్లాల ప్రజలకు ఇది పాత మాటే. దుంగను ఘనపు మీటర్లలో కొలిచి డిపో రిజిస్టరులో ఎక్కిస్తారు. ఆ చెట్టు కింది మట్టి నుంచి గాలిలో కలిసిన బొగ్గుపులుసు వాయువు మాత్రం ఆ రిజిస్టరుకు ఎక్కదు.

రాలిన ఆకు, చచ్చిన వేరు ఏళ్ల తరబడి మాగి పైమట్టిలో కర్బనంగా నిలుస్తాయి. ఒక నల్లమద్దినో ఏగిసనో కొట్టగానే నీడ పోయి, ఎండ నేరుగా నేలను తాకి, వేడెక్కిన మట్టిలో సూక్ష్మజీవులు ఆ నిల్వను వేగంగా కరిగించి బొగ్గుపులుసు వాయువుగా వదులుతాయి. మోడు కింది వేర్లు కుళ్లుతూ మరికొంత వదులుతాయి. వేసవంతా ఎండిన నేలపై తొలకరి పడినప్పుడు ఈ విడుదల ఒక్కసారిగా ఎగుస్తుంది. ఇక దుంగలు ఈడ్చుకొచ్చిన ట్రాక్టరు బాటలో నేల గట్టిపడి గాలి ఆడదు, వాన నీరు ఇంకదు, వాలున్నచోట పైమట్టి కొట్టుకుపోతుంది. భూమిని వేడెక్కించే మరో వాయువైన మీథేన్‌ను మామూలుగా గాలి నుంచి పీల్చుకొనే అడవి మట్టి, అలా అణిగి నీరు నిలిచినచోట తానే దాన్ని వదలగలదు.

బోర్నియో దీవిలోని మలేషియా అడవుల్లో కలప కొట్టిన ప్రాంతాలు కనీసం పదేళ్లపాటు, పీల్చుకొనేదానికన్నా ఎక్కువ కర్బనాన్ని వదులుతున్నాయని 2023లో శాస్త్రవేత్తలు వెల్లడించారు. అక్కడిది వాన అడవి, మనది ఆకురాల్చే పొడి అడవి. అందుకే ఇక్కడ విడిగా కొలవాలంటున్నాం.

మొత్తంగా నరకడం కన్నా ఎంచి నరకడం మేలని, కొన్నేళ్లలో నేల సర్దుకుంటుందని చెప్పేవారున్నారు. కావచ్చు, కానీ కొలవకుండానే నష్టం లేదని తీర్పు చెప్పే హక్కు ఎవరికీ లేదు.

మమ్మల్ని కలవరపెడుతున్నది ఈ రెండు నాల్కల ధోరణి. దేశ అడవుల్లో 728 కోట్ల టన్నులకు పైగా కర్బనం ఉందని 2023 అటవీ స్థితి నివేదిక ప్రకటించింది; అందులో సగానికి పైగా మట్టిలోనిదే. 2030 నాటికి అడవులు, చెట్ల ద్వారా 250 నుంచి 300 కోట్ల టన్నుల బొగ్గుపులుసు వాయువుకు సమానమైన కర్బనాన్ని అదనంగా నిల్వ చేస్తామని ప్రపంచానికి మాట ఇచ్చాం. గొప్ప చెప్పుకొనేటప్పుడు లెక్కలోకి వచ్చే మట్టి, గొడ్డలి పడేటప్పుడు లెక్కలోంచి తప్పుకుంటోంది. ఉదయగిరి కొండల్లో ఎర్రచందనం దొంగలు చేసేదీ ఎంచి నరకడమే. వారు పట్టుబడినప్పుడూ మనకు వినిపించేవి దుంగల బరువు, విలువ. నేలకు జరిగిన నష్టం అక్కడా లెక్కకు రాదు.

ఆమోదించిన వర్కింగ్ ప్లాన్, అంటే ఏ అడవిలో ఎప్పుడు ఎంత కొట్టాలో చెప్పే ప్రణాళిక, లేకుండా అడవుల్లో చెట్లు కొట్టరాదని 1996 డిసెంబరు 12న అడవుల రక్షణకు సంబంధించిన గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ ప్లానులోనే ప్రతి కూపుకూ (కలప కొట్టడానికి గుర్తించిన అడవి భాగానికి) కొట్టక ముందు, కొట్టిన తర్వాత ఏటేటా మట్టి కర్బనం కొలతలు ఉండాలి, అవి ప్రజల ముందు పెట్టాలి. ట్రాక్టరు బాటలను ముందే గుర్తించాలి, తడి నేలపై వాటిని తిరగనివ్వరాదు. కొలవడానికి సిబ్బంది లేరని చెబితే నమ్మేదెలా? కలప వేలానికి ఏనాడూ సిబ్బంది కొరత రాలేదే!