పిక్క పట్టిందంటే ‘క్రాంప్స్’ అని రాసి ఊరుకుంటారా?

అమెరికా డాక్టరు నోట్సులో ఒక్కటే మాట: ‘క్రాంప్స్’. బీమా క్లెయిముల కోసం ఆ నోట్సులోని జబ్బులకు కోడ్లు వేసే కోడరు అమ్మాయి, హైదరాబాద్‌లో రాత్రి షిఫ్టులో, దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తుంది. పట్టేసింది పిక్కా, నడుమా, మెడా? నిద్రలోనా, ఎండలోనా? ఏమీ లేదు. ఉత్త ‘క్రాంప్స్’కి ఉన్న కోడు ఆర్25.2 వేసి తర్వాతి చార్టుకు పోతుంది. క్లెయిమ్ తిరిగొస్తే మొదటి మెయిల్ ఆమెకే. తప్పు మాత్రం డాక్టరు కలానిది.

2015 అక్టోబర్ 1న అమెరికా ఐసీడీ-10 అనే జబ్బుల కోడ్ల జాబితాకు మారింది ఈ తేడాలు పట్టుకోవడానికే. నడుం పట్టేస్తే ఎం62.830, పిక్కయితే ఎం62.831. నిద్రలో కాళ్లు లాగేస్తే జి47.62. ఎండకు కండరాలు కొంకర్లు పోతే టి67.2. ఇన్ని గదులు కట్టి, రోగిని వరండాలో పడుకోబెట్టినట్టుంది ‘క్రాంప్స్’ అన్న రాత. కోడరు ఊహించి వేయడానికీ లేదు. పొటాషియం తక్కువని ల్యాబ్ రిపోర్టు కళ్లెదుటే ఉన్నా, డాక్టరు ఆ జబ్బు పేరు రాయందే కోడు వేయకూడదు. ఓపీ చార్టులో ‘బహుశా’ అని రాస్తే అదీ చెల్లదు.

పట్టేసిన కండరానికి ఇంత రాద్ధాంతమా, పది నిమిషాల్లో రోగిని చూడాలా, నవల రాయాలా అంటారు డాక్టర్లు. నవల అక్కర్లేదు. ‘కుడి పిక్క, రాత్రిపూట’ అంటే చాలు.

నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్నది ఎం62.831 కింద ఉన్న ‘చార్లీ హార్స్’. కాలి కండరం పట్టేస్తే బేస్‌బాల్ ఆటగాళ్లు అనే నోటి మాట అది. అమెరికా వాళ్లు దాన్ని సర్కారీ కోడు పుస్తకంలో అచ్చేసుకున్నారు! మరి మన మాటలో? ఆ మధ్య ఓ క్లినిక్‌లో నా ముందు కూర్చున్న పెద్దావిడ, ‘పడుకున్నాక పిక్క రాయిలా బిగుసుకుపోతోందయ్యా, లేచి పాదం నేలకానిస్తే గానీ వదలదు’ అంది. చోటు, వేళ, ఉపశమనం మూడూ చెప్పేసింది. చీటీలో పడింది ‘లెగ్ పెయిన్’, కింద ఓ విటమిన్ మాత్ర. తిమ్మిరి వేరు, ఈడ్పు వేరు, పట్టేయడం వేరని చదువురాని వాళ్లకూ తెలిసిన భాష మనది. ఆ తేడాలన్నీ ఓపీ చీటీ దగ్గరే చచ్చిపోతున్నాయి.

అమెరికా చార్టులకు నిద్ర మానుకుని ఇంత సూక్ష్మంగా కోడ్లు వేసేది మన పిల్లలే. మే నెలలో ఇటుక బట్టీ నుంచి కాళ్లూ చేతులూ కొంకర్లు పోయి ఓ కూలీ వస్తాడు. సెలైన్ ఎక్కించి, రిజిస్టర్లో ‘వీక్‌నెస్’ అని రాసి సాయంత్రానికి పంపేస్తారు. తర్వాత వడదెబ్బ లెక్కలు తీసినప్పుడు ఆ మనిషి అందులో ఉండడు.